వెనక్కి పిలవని ధర

ఒక్క రూపాయి కూడా జూదంలో పెట్టకుండా, ఎవరి చేతిలోనూ మోసపోకుండా, పూర్తిగా నా సొంత తెలివితేటలతో మా అమ్మ అద్దాల బీరువాను ఎలా మింగేశానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. అప్పటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకూ ఎవరో పరాయివాడి కథ విన్నట్టే ఉంటుంది.

మాకు బళేపేటలో గాజుల అంగడి ఉంది. అమ్మే నడుపుతుంది. నాది వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంగడిలోని పాత చెక్క బీరువా అరలు కుంగిపోయి, గాజులు జారి కిందపడి పగిలేవి. ఆ ముక్కలు ఏరేటప్పుడు అమ్మ వేళ్లు తెగేవి. వరమహాలక్ష్మి పండగలోపు అద్దాల బీరువా కొనిస్తానని మాటిచ్చాను. డబ్బు కూడా పక్కన పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే మంచి కొడుకుగా మిగిలేవాణ్ణి.

ఆఫీసులో నా పక్క సీటు శశాంక్‌ది. విజయవాడ మనిషి. ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో కార్డుల ఆట చూపించాడు.

“బ్రో, ఇది బ్లాక్‌చెయిన్ గేమ్. ఇందులో కార్డులు కంపెనీ ఒక్కటే చెయ్యదు, ఆడేవాళ్లు కూడా డిజైన్ చెయ్యొచ్చు. బొమ్మ మనదే, పవర్ మనమే రాసుకోవచ్చు. నచ్చితే జనం కొనుక్కుంటారు.”

“ఊరికేనా?”

“ఊరికే ఎవడిస్తాడు? డిజైన్ చేసే హక్కు కొనాలి. ఒకడు కొన్నప్పుడల్లా తర్వాతోడికి రేటు పెరుగుద్ది. అందుకే ఇప్పుడే కొనెయ్.”

చూశాను. ధర నేను కొనబోయే బీరువాలో ఒక అర ఖరీదంత ఉంది. నా కార్డు అమ్ముడుపోతే ఒకటి కాదు, రెండు బీరువాలు కొనొచ్చు. బుద్ధున్నవాడెవడైనా అక్కడే కొనేస్తాడు. కానీ నేను బళేపేటలో పుట్టాను. చెప్పిన ధరకు కొనడమంటే మా వీధిలో తల వంచుకుని తిరగడమే.

ఆ సాయంత్రం సంగతేమిటో చెప్పకుండా అమ్మను సలహా అడిగాను.

“అమ్మా, ఒకడు ధర తగ్గించనంటే ఏం చేయాల?”

“ఏముండాదప్పా? అక్కర్లేదని లేసి వచ్చేయాల. నాలుగు అడుగులు వేసేలోపల వాడే పిలుస్తాడు.”

“పిలవకపోతే?”

“పిలవకుండా యాడికి పోతాడు? వెనక్కి మాత్రం తిరిగి చూడొద్దు. చూస్తివా, చెడితివి.”

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఆట పేజీ తెరిచాను. బోణీ వేళ కదా, మొదటి బేరం ఎవరూ పోగొట్టుకోరు. నేను బోణీకి వచ్చానని ఆ పేజీకి ఎలా తెలుస్తుందని మీరు అడగొచ్చు. అప్పుడు నేను అడగలేదు. ధరను కాసేపు ఈసడింపుగా చూసి, పేజీ మూసేసి, కాఫీకి వెళ్లిపోయాను. తగ్గించాం రమ్మని మెయిల్ వస్తుందని నా నమ్మకం.

నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు ఆగలేక పేజీ తెరిస్తే ధర రెండు అరలైంది.

“శశాంక్, రేటు పెంచాడు!”

“ఎవడు?”

“వాడే, అమ్మేవాడు.”

“బ్రో, అక్కడ ఎవడూ లేడు. ప్రోగ్రామ్ అంతే. ఇంకొందరు కొన్నారు, పెరిగింది.”

“బింకం చూపిస్తున్నాడు. నేను కొన్నాళ్లు కనబడకపోతే దిగొస్తాడు.”

“నువ్వు కోడ్ రాసే బతుకుతున్నావు కదా?” అన్నాడు శశాంక్, నా మెడలోని ఐడీ కార్డు వంక అనుమానంగా చూస్తూ.

వారం రోజులు అలిగాను. మూడు అరలైంది. ఇంకో వారం ఆశ వదులుకున్నట్టు నటించాను. ఎవరి ముందు నటించానో నాకే తెలియదు. ఈసారి అరలతోపాటు తలుపులు కూడా పోయాయి. అప్పుడు భయం వేసింది. ఇంకా ఆగితే తాళంచెవి కూడా మిగలదని, ఉన్న డబ్బంతా పెట్టి కొనేశాను.

కార్డు మాత్రం మనసుపెట్టి చేశాను. పేరు ‘గాజులమ్మ’. కళ్లజోడు, ముంజేతుల నిండా గాజులు. ఎదుటి కార్డు బలాన్ని సగానికి తగ్గించడం ఆమె శక్తి. కొన్నాళ్లకు ఏ దేశంవాడో మెసేజ్ పెట్టాడు, కార్డు బాగుంది, ఎంతకిస్తారని. నేను పెట్టినదానికి రెండింతలు చెప్పాను. వాడు సగం అడుగుతాడు, మధ్యలో ఎక్కడో తెగుతుంది, లాభంతో బీరువా వస్తుంది. అదీ నా లెక్క. వాడు “సరే, థాంక్స్” అని వెళ్లిపోయాడు.

సంతోషించాను. నాలుగు అడుగులు వేసి వెనక్కి వస్తాడనుకున్నాను. వాడు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు.

పండగ వచ్చింది, బీరువా రాలేదు. ఆ రద్దీలో అమ్మ తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని ఆడవాళ్లకు గాజులు తొడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే అంతా చెప్పేశాను. అమ్మ ఫోనులో కార్డును చాలాసేపు చూసింది.

“నా ముక్కు ఇంత లావు ఉండాదా?”

“అమ్మా, డబ్బు పోయింది.”

“విన్నాలేప్పా. నువ్వు పోతా ఉంటే వాడు పిలవాల, వాడు పోతా ఉంటే నువ్వు పిలవాల. మనిషే లేని అంగడిలో లేసిపోతివి, మనిషి వస్తే పిలవకుండా కూసుంటివి.”

ఇకపై ఏ ధర ముందు నుంచీ లేచి వెళ్లనని నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను.

కొన్ని నెలలు కూడబెట్టి, అమ్మను బీరువాల అంగడికి తీసుకెళ్లాను. “నువ్వు నోరు తెరవద్దు,” అని దారిలోనే చెప్పింది. తెరవలేదు. అంగడాయన ధర చెప్పాడు. అమ్మ సగానికి అడిగింది. ఆయన గుండె మీద చేయి వేసుకున్నాడు. “వద్దులేప్పా,” అని అమ్మ కొంగు సర్దుకుని బయటికి నడిచింది.

ఒక అడుగు. రెండు అడుగులు. నా కళ్ల ముందు ధర పెరగడం మొదలైంది. ఒక అర, రెండు అరలు, తలుపులు. మూడో అడుగుకు అంగడాయన అమ్మను పిలవబోయాడు. అంతలో నేను, అమ్మ చెప్పినట్టే నోరు తెరవకుండా, ఫోను తీసి స్కాన్ చేసి ఆయన చెప్పిన ధర మొత్తం కట్టేశాను. గల్లా పక్కనున్న డబ్బా ఆ మొత్తాన్ని వీధంతా వినబడేలా కన్నడలో చాటింది.

అమ్మ నాలుగో అడుగు పడలేదు. జీవితంలో మొదటిసారి బేరం మధ్యలో వెనక్కి తిరిగి చూసింది.

ఆ కొత్త అద్దం మీద చేయి పెట్టి, అందులో నా మొహం నాకే కనబడుతుండగా, సకల దేవతల సాక్షిగా మరో ప్రమాణం చేశాను. ఈ జన్మలో బేరం ముగిసేదాకా నా ఫోను అమ్మ సంచిలోనే ఉంటుంది. ఆ ప్రమాణం నేటికీ తప్పలేదు. ఆవిడ తప్పనివ్వలేదు.