బోణీకి పనికిరాని మనిషి

మా రావులపాలెం మార్కెట్లో నన్ను చూడగానే బుట్ట మీద తడి గోనెసంచి కప్పేసే మనుషులున్నారు. చేపలమ్మే ఆవిడైతే మరీ మర్యాదస్తురాలు. "ఇంకా బోణీ అవలేదు బాబుగారూ, ఓ గంటాగి రండి" అంటుంది. నేను దొంగనూ కాను, అప్పు పెట్టే రకాన్నీ కాను. బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో కూర్చుని రిటైరైన మనిషిని. పొదుపు గురించి ఊళ్ళో సగం మందికి వాళ్ళడక్కుండానే ఉపన్యాసమిచ్చినవాణ్ణి. అలాంటివాడికి అరకేజీ చేపలు పుట్టకపోవడానికి కారణం, వేరే ఏమీ కాదు, నా తెలివితేటలే.

పొద్దున్నే వచ్చిన మొదటి బేరం తిరిగి వెళ్ళిపోతే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందేనని మావాళ్ళ నమ్మకం. అందుకని బోణీకి వచ్చినవాణ్ణి ఉత్త చేతుల్తో పంపరు. ఆఖరికి కొన్న ధరకైనా ఇచ్చేసి, ఆ డబ్బు కళ్ళకద్దుకుంటారు. ఇప్పుడందరం ఫోన్లో కొడుతున్నాం కాబట్టి, డబ్బు పడిందని అరిచే డబ్బాకి దణ్ణం పెట్టుకుంటున్నారు.

ఇందులో ఉన్న లాభాన్ని ఊరందరికన్నా ముందు కనిపెట్టింది నేనేనని చాలాకాలం మురిసిపోయాను. ఎదుటివాడు కాదనలేని వేళ చూసి బేరమాడటాన్ని మించిన ఆర్థికశాస్త్రం ఏ కాలేజీలో చెబుతారు? తెల్లారగానే సంచి పుచ్చుకుని బయల్దేరేవాణ్ణి. గెలలోంచి కోసిన చక్కెరకేళి అత్తం అరవై అంటే నలభై అనేవాణ్ణి. "గిట్టదండి" అంటే "సరేనండి" అని అటు తిరిగేవాణ్ణి. తిరగ్గానే వెనక నుంచి పిలుపు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు, కొసరుగా ఇంకో నాలుగు పళ్ళు కూడా లాక్కునేవాణ్ణి. "ఏంటండీ ఈ కక్కుర్తి" అనేది మా ఆవిడ. కక్కుర్తి కాదు, మార్కెట్ మీద అవగాహన అని ఆవిడకి సర్దిచెప్పేవాణ్ణి. ఆవిడ ఆ పళ్ళు తినేది కాదు. నా అవగాహనంతా నేనే తిన్నాను.

ఇంత అవగాహన ఉన్నవాణ్ణి రాజమండ్రిలో మాల్‌కి వెళితే మాత్రం నోరు పెగలదు. అక్కడ చొక్కా మీద చీటీ ఎంతుంటే అంత. సంచికి కూడా డబ్బు తీసుకుంటే, ఇచ్చి, "థాంక్సండి" అని వస్తాను. అడగనిదే అమ్మైనా పెట్టదని అందరికీ చెబుతాను గానీ, ఏసీ తగిలితే అడిగే ధైర్యం చాలదు. మన సమాజంలో బేరమనేది ఎండలో కూర్చున్నవాళ్ళ దగ్గరే చేస్తారని నా గట్టి అభిప్రాయం. అభిప్రాయం గట్టిదే. పాటించడమే కుదరలేదు.

ఇంకో అభిప్రాయం కూడా ఉంది. మా గోదావరి వాళ్ళకి కాదనడం రాదు. "చూద్దామండి" అంటే కాదని అర్థం. "తప్పకుండానండి" అంటే అసలే కాదని అర్థం. అప్పు ఇవ్వనని చెప్పలేక నేను బ్యాంకులో కాఫీ తెప్పించేవాణ్ణి. కాఫీ వచ్చిందంటే లోను రానట్టేనని ఊళ్ళో పాకిపోయి, "కాఫీ మాత్రం వద్దండీ" అని జనం నన్ను బతిమాలుకునేవారు. ఈ మొహమాటంతో ఉద్యోగమైతే చెయ్యొచ్చు. వ్యాపారం చెయ్యలేం.

మా అమ్మాయికి నా తెలివి రాలేదు గానీ మొహమాటం మాత్రం వాటాకి మించి వచ్చింది. అల్లుడు ప్రైవేటు స్కూల్లో మాస్టారు. ఆ జీతం చాలక, ఇదివరకు ఇంట్లోనే చీరలు పెట్టి అమ్మింది. "వదినా" అన్నవాళ్ళకి లాభం వదులుకుంది. "అమ్మలూ" అన్నవాళ్ళకి అసలు కూడా వదులుకుంది. వీధిలో ఏదో ఒక వరస కలవని మనిషి లేకపోవడంతో ఏడాది తిరక్కుండానే వ్యాపారం మూతపడింది. ఈమధ్య మళ్ళీ ధైర్యం చేసి, మెళ్ళో గొలుసు బ్యాంకులో పెట్టి, మెయిన్ రోడ్డు పక్కన చిన్న కొట్టు తీసుకుంది. చీరలు, దుప్పట్లు, తువ్వాళ్ళు. ఈసారీ నిలబడకపోతే ఇంకోసారి పెట్టడానికి గొలుసు లేదు. నాకు నిద్ర పట్టేది కాదు.

పూజ బాగా జరిగింది. అమ్మకం మర్నాటి నుంచి. ఆ సాయంత్రం అమ్మాయి నా పక్కన కూర్చుని, చాలాసేపు నా బనీను పాతబడిపోయిందన్న విషయం మాట్లాడింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. "రేపు బోణీకి పక్కవీధి పిన్నిగారు వస్తానన్నారు నాన్నగారూ. ఆవిడ చెయ్యి మంచిదంటారు. మీరేమో... కొంచెం ఎండెక్కాక రండి."

నాకు ఒళ్ళు మండింది. చెయ్యేంటి, మంచేంటి, చదువుకున్నదానివి కాదా అని కేకలేశాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏవండీ, ఎండెక్కాకే వెళ్ళండి" అంది. మార్కెట్లో గోనెసంచులు కప్పినప్పుడు నవ్వుకున్నాను గానీ, కన్నకూతురు కప్పేసరికి నవ్వు రాలేదు. అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ వీధిలోనే ఉన్నాను. కొట్లోకి వెళ్ళలేదు. ఎదురుగా టీ బండి దగ్గర, అరటిగెలల వ్యాను చాటున నిలబడ్డాను. నా నీడ కూడా ఆ గుమ్మం మీద పడకుండా చూసుకున్నాను. శకునాలు నమ్మనివాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో అప్పుడు తెలిసింది.

పిన్నిగారు రాకముందే ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడత సంచి, మొహంలో తీరుబడి. ఆ సంచి పట్టుకోవడంలోనే తెలిసిపోయింది, మనవాడేనని. మాటలు వినబడలేదు గానీ, నాకు వినాల్సిన అవసరమేముంది? తువ్వాలు దులిపి వెలుతురుకి పట్టాడు. పెదవి విరిచాడు. అమ్మాయి ఏదో చెప్పింది. "సరేనండి" అన్నట్టు తలూపి, సంచి దులుపుకుని అటు తిరిగాడు. అమ్మాయి గాభరాగా బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చేసింది.

పిలిచింది. ఎందుకు పిలవదు, బోణీ కదా!

అతను నాలుగు తువ్వాళ్ళు సంచిలో వేసుకుని నేరుగా టీ బండి దగ్గరికే వచ్చాడు. "కొత్త కొట్టండి. నూటెనభై చెప్పిందండి, నూటపదికి తెచ్చాను. బోణీ వేళకెళితే ఎంతకంటే అంతే" అన్నాడు నాతో, శిష్యుడికి చెబుతున్నట్టు. "రేపు మీరూ వెళ్ళండి. అమ్మాయి మెతక."

ఆ తువ్వాలు అమ్మాయికి పడిందే నూట ముప్పై. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇన్నేళ్ళూ కాకినై ఎగిరినవాణ్ణి, ఆ ఒక్క పొద్దున ఎద్దునయ్యాను. నాలుగు మాటలతో దులిపేద్దామని నోరు తెరిచాను. నోట్లోంచి "అలాగేనండి, తప్పకుండానండి" అని వచ్చింది. అంతటితో ఆగినా బాగుండును. అతని టీకి డబ్బు కూడా నేనే ఇచ్చాను.

బోణీ అయిపోయింది కాబట్టి ఇక నా వల్ల ప్రమాదం లేదు. కొట్లోకి వెళ్ళాను. అమ్మాయి తలొంచుకుని మిగిలిన తువ్వాళ్ళు సర్దుతోంది. వ్యాపారమన్నాక ఇవన్నీ మామూలేనమ్మా అని ధైర్యం చెబుదామనుకున్నాను. అన్ని తువ్వాళ్ళూ అడిగిన ధరకే కొనేద్దామని కూడా అనుకున్నాను, నిజంగానే. తీరా ఒకటి చేతిలోకి తీసుకునేసరికి వేళ్ళు వాటంతటవే దాన్ని దులిపాయి.

"ఎంతమ్మా?"

"నూటెనభై నాన్నగారూ."

"ఇందాక ఆయనకి నూటపదికి ఇచ్చావుగా?"

"ఆయనది బోణీ అండి."

"నేను నీ కన్నతండ్రినే!"

"గిట్టదండి" అంది.

మార్కెట్లో వాళ్ళ నోటి నుంచి ఆ మాట లక్షసార్లు విన్నాను. దాని వెనకే "సరే, మీరెంతిస్తారు చెప్పండి" అని వస్తుంది. రాలేదు. తువ్వాలు బల్ల మీద పెట్టి అటు తిరిగాను. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాను. ఎదురుగానే ఉన్నాయి. అయినా వెతుక్కున్నాను. పిలుస్తుందేమోనని చెవులు రిక్కించాను. పిలవకూడదు దేవుడా, పిలవకూడదు అని కూడా అనుకున్నాను. పిలవలేదు. ఒక చెప్పు తొడుక్కున్నాను. లోపల తువ్వాలు మడతపెట్టి అరలో పెట్టేసిన చప్పుడైంది.

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అవమానం వల్ల కాదు. అంత సంతోషం నాకు రిటైర్మెంటు డబ్బు పడిన రోజున కూడా కలగలేదు.

"ఏమ్మా, బేరం పోనిచ్చేస్తావా?" అన్నాను, ఒక కాలు గుమ్మంలో, ఒక కాలు రోడ్డు మీద.

"మీరెక్కడికి పోతారు నాన్నగారూ, మళ్ళీ వస్తారుగా" అంది తలెత్తకుండానే.

చెప్పు విప్పేసి, లోపలికెళ్ళి, నూటెనభై ఇచ్చాను.