తిల్మాయ ఒప్పుకోని బిజులి

తిల్మాయ దిదీ మంచినీళ్లు కూడా వాసన చూసిగానీ తాగదు. లిబాంగ్ బజారులో ఆమె టీకొట్టే మా సంఘం ఆఫీసు. సర్కారుతో మా దళాల యుద్ధం ముగిశాక, పసివయసులో తుపాకీ పట్టారన్న సాకుతో ‘అయోగ్యులు’ అని ముద్రకొట్టి మమ్మల్ని శిబిరాల నుంచి గెంటేశారు. మేమూ యోధులమేనని ఒప్పించాలనే ఈ సంఘం. కొత్తగా ఎవరొచ్చినా కలిసి పోరాడినవాళ్లొకరు సాక్ష్యం చెప్పాలి. అందర్నీ నిలదీసే పని తిల్మాయది.

మొన్న గోమా అని ఒకామె గుడ్డసంచితో వచ్చింది. దళంలో తన పేరు బిజులి అంది.

తిల్మాయ టీ వడకట్టడం ఆపింది. “ఎవరి కింద చేశావ్?”

“కామ్రేడ్ పర్వత్ కింద, దిదీ. ఆయన పోయాడు.”

“పోయినవాళ్ల పేర్లు చెప్పడం సులువేలే.”

ఉండబట్టలేక, “సంఘం నడుపుతున్నావా, ఠాణానా?” అన్నాను.

“నోర్ముయ్. పోయినేడు ఆ దొంగవెధవకి చ్యూరా అటుకులు పెట్టి కూచోబెట్టింది నువ్వే. మన ఊరేగింపు సంగతి పోలీసులకు మోసింది వాడే.”

ఆమె గోమా వైపు తిరిగింది. “బిజులిని ఈ చేతుల్తో పూడ్చాను. ఎవరు పంపారే నిన్ను?”

గోమా ముఖం పాలిపోయినా లేవలేదు. “ఆవిడ పోయిన వారానికి చేరాను, దిదీ. పర్వత్ దాయ్ ఆవిడ చొక్కా ఇచ్చి, ఇక నువ్వే బిజులివి అన్నాడు. భుజం మీద ఎర్రదారం కుట్లుండేవి.”

పోయినవాళ్ల పేరు కొత్తవాళ్లకు పెట్టడం మాలో మామూలే. ఈ పేరు మాత్రం ఎవరికీ ఇచ్చి ఉండరని తిల్మాయ మొండిగా నమ్ముకుంది. బిజులిని పూడ్చిన రోజే తిల్మాయను వేరే దళానికి పంపేశారు.

“ఆ కుట్లు వేసింది నేనే,” అంది చివరికి. “బట్టలకు కరువు. పూడ్చేముందు విప్పి ఇచ్చేశాం.” ఇంకాసేపు గోమాను అనుమానంగానే చూసి, నాతో, “చేర్చుకో. సాక్ష్యం నాది,” అంది.

గోమా కళ్లు తుడుచుకుంది. “దిదీ, ఆవిడ పేరుతో నాలుగేళ్లు బతికాను. వాళ్లమ్మ కాళ్లు మొక్కాలని ఉంది. ఆవిడ అసలు పేరేంటి? ఏ ఊరు?”

అసలు పేరు, ఊరు పేరు ఎవర్నీ అడగకూడదని మాకు కట్టడి. పట్టుబడ్డా చెప్పడానికేమీ ఉండకూడదని. తిల్మాయ నోరు తెరిచింది.

“నేనడగలేదే,” అంది, వెక్కుతూ.