ఆరు ప్రెస్సులు, రెండు బుసలు

నవంబరు 14, శుక్రవారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఉదయం ఆరున్నరకే శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఎదురైంది. నరసన్నపేట బస్సు దిగిన గౌరి అప్ప భుజాన పెద్ద సంచి, చంకలో దిండు. మేం ఒక ఫ్యాక్టరీని చూసి వచ్చేద్దామని బయలుదేరాం అనుకున్నాను. ఆమె చేరిపోవడానికే వచ్చేసింది.

"ఏటప్పా, దిండు కూడా తెచ్చేసినావు?"

"మల్లీ ఎవుల్తే ఒస్తారే? నచ్చితే ఉండిపోతాను. నచ్చకపోతే దిండు నువ్వు మోద్దువుగాని."

గౌరి మా పెద్దమ్మ కూతురు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా వైపు అక్కను అప్ప అంటాం. పదేళ్ళ వయసులో చూపు పోయింది. నెల్లిమర్ల అవతల అడ్డాకుల విస్తర్లు, ప్లేట్లు తయారుచేసే యూనిట్ ఒకటుందనీ, అక్కడ చూపు లేనివాళ్ళకే ఉద్యోగాలిస్తారనీ, నెల జీతం, వసతి, భోజనం ఉంటాయనీ పక్షం రోజుల కిందట ఆమెకు వాట్సాప్‌లో కబురొచ్చింది. అయితే అందులో చేరాలంటే విశాఖలో దొరికిన కంప్యూటర్ శిక్షణ సీటు వదులుకోవాలి. వస్తున్నదీ లేనిదీ శిక్షణ వాళ్ళకు సోమవారంలోగా చెప్పాలి. ఒకసారి వదిలేస్తే ఆ సీటు మళ్ళీ రాదు.

యూనిట్ మేనేజరుతో ఫోన్లో మాట్లాడింది నేనే. "ఏ రోజు వస్తారు, ఎన్నింటికి వస్తారు?" అని ఆయన మూడుసార్లు అడిగాడు. మొదటిసారి మర్యాద అనుకున్నాను, రెండోసారి జాగ్రత్త అనుకున్నాను. మూడోసారి ఏమనుకోవాలో తెలియలేదు. పొగను చూసి నిప్పు ఉందని ఊహించడాన్ని తర్కశాస్త్రంలో 'అనుమానం' అంటారని మా తెలుగు మేడం క్లాసులో చెప్పినప్పటినుంచీ నాకు ఆ మాట మీద ప్రేమ పుట్టింది. పొగ కనిపించినా కనిపించకపోయినా వాడేస్తున్నాను.

విజయనగరం ఎక్స్‌ప్రెస్ ఏడింటికి కదిలింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తారు. మగవాళ్ళకు వంద రూపాయలు దాటుతుంది. హైవే మీద నాతవలస దాకా వెళ్ళి అక్కడ కుడివైపు తిరుగుతుంది. తొమ్మిదింటికల్లా విజయనగరం కాంప్లెక్సులో దింపేశారు. బయట టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తిని, మనిషికి ముప్ఫై చొప్పున షేర్ ఆటోలో నెల్లిమర్ల చేరాం. అక్కణ్ణించి యూనిట్ మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. షేర్ ఆటోలు అటు పోవు. వేరే ఆటో మాట్లాడుకుంటే నూట ఇరవై అడిగాడు, వందకు దిగాడు.

"ఆ ఇస్తర్ల కంపెనీకా?" అన్నాడు డ్రైవరు. "కార్లు బాగా వస్తాయమ్మా అక్కడికి. ఫొటోలు దిగి ఎల్తారు."

"లారీలో?" అని అడిగింది అప్ప.

"లారీలేటి?"

"సరుకు ఎత్తుకెల్లడానికి, బాబూ."

అతను అద్దంలో నా వైపు చూశాడు, ఆమె వైపు కాదు. "నానైతే సూడ్లేదు" అని హారన్ కొట్టాడు. ఎదురుగా రోడ్డు మీద ఎవరూ లేరు.

పదింబావుకు చేరాం. రేకుల షెడ్డు, గేటుకు కొత్త ఫ్లెక్సీ, లోపల వరుసగా ఆరు ప్రెస్సు మిషన్లు, ఒక్కోదాని ముందు ఒక్కో మనిషి. మేనేజరు తెల్లచొక్కాలో ఎదురొచ్చి పని వివరించాడు. పుల్లలతో కుట్టిన ఆకును కొద్దిగా తడిపి కింది అచ్చు మీద పరుస్తారు. అచ్చు అంచున మూడు మేకులుంటాయి, ఆకు సరిగ్గా కూర్చుందో లేదో వాటిని తడిమి తెలుసుకుంటారు. తర్వాత మీట లాగితే వేడి పైఅచ్చు దిగుతుంది. ఐదు లెక్కపెట్టి మీట వదిలితే ప్లేటు తయారు. చెయ్యి కాలకుండా రెండు చేతులతోనూ లాగితేనే మీట కదిలేలా పెట్టారు. ఆ ఏర్పాటు నాకు నచ్చింది. నచ్చినందుకు నా మీద నాకే అనుమానం వచ్చింది.

మూడో మిషను దగ్గర అప్పన్న అనే నడివయసు మనిషి కూర్చున్నాడు. నేను దగ్గరికి రాగానే ఆయన తల తిప్పి తిన్నగా నా వైపే చూసినట్టనిపించింది. ఇంతేనా, చూపున్నవాళ్ళను కూర్చోబెట్టి నాటకమాడిస్తున్నారా అనుకున్నాను. మేనేజరు అటు తిరగ్గానే అప్పన్న ముఖం ముందు చెయ్యి మెల్లిగా అటూ ఇటూ ఊపాను.

"గాలి తగల్తంది పాపా" అన్నాడాయన. "ఒచ్చినోల్లందరూ సేసే పనే ఇది. ఈ కాడికి ఫ్యాను అక్కర్నేదు."

పక్క మిషన్ల వాళ్ళు పకపకా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"నీ సున్నీ పసుపు రంగు కాదేటి? ఆపాటి రంగు కనిపిస్తాది నాకు. మొకం కనిపించదు. నీ మొకం ఇప్పుడెలగుందో మాత్రం సెప్పగల్ను."

క్షమించమన్నాను. "ఒగ్గేయ్" అన్నాడు. గౌరి అప్ప మాత్రం నవ్వలేదు. తల ఒక పక్కకు వంచి, గోడకు వీపు ఆనించి నిలబడింది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చింది.

"ఒసే, ఎన్ని మిషన్లున్నాయి?"

"ఆరు."

"ఆరూ ఆడతన్నాయా?"

"ఆ. అందరూ మీట లాగుతూనే ఉన్నారు."

"సరిగా సూడు. తడాకు మీద వేడచ్చు పడితే బుస్సుమంటాది. నాకు రెండు బుసలే ఇనిపిస్తన్నాయి. మిగిలిన నాలుగూ టంగుమంటన్నాయి. అయి ఆకు నేకండానే నోరు మూసి తెరుస్తన్నాయి."

అప్పుడు చూశాను. మొదటి రెండు మిషన్ల అచ్చుల మీదే ఆకులున్నాయి. మూడో మిషను నుంచి చివరిదాకా మీటలు దిగుతున్నాయి, లేస్తున్నాయి, కింది అచ్చు ఇనుము ఉత్తగా మెరుస్తోంది. పక్క బుట్టల్లో ప్లేట్లు ఉన్నాయి గానీ వాటి అంచులకు దుమ్ము పట్టింది. ఇందాకటినుంచీ నేను అక్కడే ఉన్నాను. నేను చూసింది మనుషుల కళ్ళనే.

అప్ప అప్పన్న పక్కన స్టూలు వెతుక్కుని కూర్చుంది. "అన్నా, కాలీగా కొడతన్నావేటి?"

ఆయన చెయ్యి ఆగింది. "ఇనిపించేసినాదా?" అన్నాడు గొంతు తగ్గించి. "సుట్టాలొస్తే కొట్టమంటారమ్మా. రెండు మిషన్లకి సరిపడా ఆకు దాసుంచుతారు. పని నేదా అంటే ఉన్నాది. మంగలారం, శనారం పొద్దున్న ఎనిమిదింటికి ఎస్.కోట కాడి నుంచి ఆకు బండొస్తాది. ఆ రెండ్రోజులూ నడుం ఎత్తనివ్వరు. మిగతా ఐదు రోజులూ ఇదే."

"మరి ఎందుకున్నావు?"

"ఇంటికాడ ఏడు రోజులూ కాలీయే కదమ్మా."

అప్ప స్టూలు అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

ఒంటిగంటకు భోజనం పెట్టారు. విస్తర్ల ఫ్యాక్టరీలో స్టీలు కంచాలు. వంటామెను అడిగాను, ఇస్తరాకులు లేవా అని. "ఆకెక్కడిది తల్లీ, శనారం వరకూ?" అంది ఆమె పప్పు వడ్డిస్తూ. అప్పన్న మాటకు సాక్ష్యం దొరికిందనుకున్నాను. వెంటనే, వీళ్ళిద్దరూ కూడా ఒకే పాఠం అప్పజెబుతున్నారేమో అనిపించింది. ఒకసారి పట్టుకుంటే అనుమానం పప్పునూ వదలదు. పప్పు మాత్రం చాలా బాగుంది, గోంగూర వేసి చేశారు.

బయలుదేరేముందు మేనేజరు కాగితం తెచ్చాడు, సంతకమో వేలిముద్రో ఇమ్మని. గౌరి అప్ప చెయ్యి చాచలేదు.

"సార్, మీ మిషన్లు కాలీగా కొడితే అచ్చు అరిగిపోదేటండీ?"

ఆయన కాగితాన్ని రెండుగా మడిచాడు. "చుట్టాలొస్తున్నారంటే ఎవరైనా ఇల్లు సర్దుకుంటారు కదమ్మా" అన్నాడు. "ఖాళీ షెడ్డు చూపిస్తే దాతలెవరిస్తారు? వాళ్ళివ్వకపోతే ఆ రెండు రోజుల పని కూడా ఉండదు."

"ఇల్లు సర్దుకోడం వేరు సార్. కాలీ గిన్నిలో గరిటి తిప్పి ఒండుతున్నామనడం వేరు."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. "ఆలోచించుకుని చెప్పండి" అని గేటు దాకా వచ్చి, అప్ప చేతికి గేటు కమ్మీ అందించి వెళ్ళాడు. ఆ పని నేర్పుగా, బాగా అలవాటైనవాడిలా చేశాడు.

ఇప్పుడు సాయంత్రం ఆరు. విజయనగరంలో నా స్నేహితురాలి ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. బొంకు, బూటకం, డాబు, పటాటోపం అంటూ ఇవాళ చూసినదానికి తగిన మాట కోసం నిఘంటువు తిరగేశాను. ఏదీ సరిపోవడం లేదు. అక్కడ అబద్ధం ఉంది, ఆ అబద్ధం నీడలోనే వారానికి రెండు రోజుల నిజమైన పని కూడా ఉందంటున్నారు. ఆ రెండు రోజుల కోసం విశాఖ సీటు వదులుకోవచ్చా? నన్నడిగితే వద్దంటాను. కానీ పదేళ్ళ వయసునుంచీ అందరూ తనకు వద్దు అనే చెబుతున్నారంది అప్ప. రెండు రోజుల పని ఉన్నది నిజమో కాదో తన చేతులతోనే తెలుసుకుంటానంది. నిజమైతే ఏం చేస్తావని అడిగాను. "అప్పుడు సూద్దాం" అంది. ఆ మాట ఆమె చాలా మామూలుగా అంటుంది.

మీవాళ్ళెవరికైనా ఇలాంటి చోట ఉద్యోగం చూడటానికి వెళ్తుంటే ఒక్క సూచన: ముడిసరుకు ఏ రోజు వస్తుందో, తయారైన సరుకు ఏ రోజు పోతుందో ముందు కనుక్కోండి. ఒకసారి చెప్పి వెళ్ళినా, రెండోసారి సరుకు వచ్చే రోజున చెప్పకుండా వెళ్ళండి. ఎవరి కోసం వెళ్తున్నారో వాళ్ళను కనీసం ఒక పూట ఆ మిషను ముందు కూర్చోనివ్వమని అడగండి.

రేపు శనివారం. ఉదయం ఆరున్నరకు ఇక్కణ్ణించి బయలుదేరి, ఆకు బండి కంటే ముందే ఆ గేటు దగ్గర ఉంటాం. బండి వస్తే అప్ప మధ్యాహ్నం దాకా అప్పన్న పక్కనున్న నాలుగో మిషను అడిగి, దాని మీద పని చేస్తుంది. ఎనిమిదిన్నర దాటినా రాకపోతే, ఆ గేటు ముందు నుంచే విశాఖకు ఫోన్ చేసి వస్తున్నానని చెబుతుంది. మేనేజరుకు మాత్రం ఫోన్ చేయం.