సీలు తియ్యని చీరలో సిగరెట్ వాసన

దయ్యాలంటే నాకు నవ్వు. పన్నెండేళ్లు చీరల కొట్లో పనిచేసినదాన్ని, దయ్యాల కంటే మొండి గిరాకీలను చూశాను. అందుకే ఇది చెప్పాలంటే నాకే వింతగా ఉంది.

మా కొట్టు దిల్‌సుఖ్‌నగర్‌లో. ఏసీ కోసం తలుపులు మూసే ఉండేవి. సేటు గల్లా దగ్గర కూర్చుని రోజంతా సిగరెట్లు కాల్చేవాడు. ఆ కంపు గిరాకీలకు తెలియకుండా పొద్దున, సాయంత్రం సాంబ్రాణి వెయ్యడం నా పని.

నేను జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్రం నాకే వచ్చింది. ఎడమవైపు సగం తీసేశారు. బతికాను. ఎల్‌బీ నగర్‌లో మా ఇల్లు రెండో అంతస్తు, ఇప్పటికీ మధ్యలో ఆగి ఎక్కుతాను.

చూడ్డానికి వచ్చిన సేటు మా ఆయన ముందే అన్నాడు. "గా సాంబ్రాణి పొగ మస్తు పీల్చింది గదా, దానివల్లనే అయ్యుంటది."

నా ఒళ్లు మండిపోయింది. రోగమూ నాదే, తప్పూ నాదేనట! "నీ సిగరెట్ వల్లనే అని కొట్ల అందరి ముంగట ఒక్కసారి చెప్పు సేటూ, చాలు," అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. ఆ పొగ నిన్ను వదలకూడదురా అని కసితీరా తిట్టుకున్నాను.

నెల తిరక్కుండానే, నాతో పనిచేసిన యాదమ్మ ఫోన్ చేసింది. "అక్కా, చీరలన్నీ సిగరెట్ కంపు కొడుతున్నయే. వాపస్ తెస్తున్రు. సేటేమో నిన్ను జూసినంక భయపడి సిగరెట్ తాగుడే బంద్ జేసిండు. మూడు పూటల సాంబ్రాణి ఏస్తున్న, పోతలేదు."

నేను నమ్మలేదు. తర్వాత మా ఆడపడుచు అక్కడే చీర కొని నా ముందు విప్పింది. సీలు తియ్యని కవరు. అదే వాసన, అదే బ్రాండు. పన్నెండేళ్లు పీల్చాను, నాకు తెలియదా! మూడుసార్లు ఉతికినా పోలేదు.

మొన్న సేటే మెట్లెక్కి వచ్చాడు, మనిషి సగమైపోయాడు. కొత్త పోచంపల్లి చీర నా చేతిలో పెట్టాడు.

"నా సిగరెట్ వల్లనే అని అందరి ముంగట చెప్పిన చెల్లె, యాదమ్మను అడుగు. జర వాసన జూడు. పోయిందా? నా ముక్కును నేనే నమ్ముతలేను."

చీరను ముక్కుకు ఆనించుకున్నాను. కొత్త బట్ట వాసన, అంతే.

ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. నేను ముక్కు మూసుకుని, "ఇంకా ఉంది సేటూ," అన్నాను.

ఆ వాసన ఎలా వచ్చిందో, ఎలా పోయిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. కొట్లో ఇప్పుడు ఎవరికీ రావడం లేదట. సేటు మాత్రం ప్రతి చీరా విప్పి వాసన చూస్తూ కూర్చుంటాడని యాదమ్మ చెబుతోంది.

ఒక్క ఫోన్ చేసి చెప్పొచ్చు. చెయ్యలేదు.