తాళంచెవుల మరిది

గత వారం మా మరిది పోయాడని తెలిసి పరామర్శకు వచ్చిన మీలో చాలామంది, "పాపం, పసిబిడ్డ పోయినాడు" అన్నారు. కాదండీ. పోయినవాడికి యాభై దాటాయి. తల నెరిసింది. రోజు మార్చి రోజు గడ్డం గీయించుకునేవాడు, నా వంటకు వంకలు పెట్టేవాడు. పుట్టుకతో డౌన్ సిండ్రోమ్ ఉన్నంత మాత్రాన మనిషి పెద్దవాడు కాకుండా పోడు.

నేను కాపురానికి వచ్చేనాటికి అతడు మా అత్తగారి కొంగు పట్టుకుని తిరిగేవాడు. పెద్దయ్యాక తిరుచానూరులో మా చిన్న లాడ్జి తాళంచెవులన్నీ అతని చేతికే వచ్చాయి. గోడ మేకులకు వరసగా తగిలించి పెట్టుకునేవాడు. అంకెలు రావు కానీ, ఏ చెవి ఏ గదిదో తప్పేవాడు కాదు. యాత్రికులు "పోతాం" అంటే గుమ్మానికి అడ్డం నిలబడేవాడు. "పోతామనగూడదు. వస్తామనల్ల!" బస్సు తొందరలో ఉన్నవాళ్ళు కూడా నవ్వి, ఆ మాట అనే కదిలేవారు.

నలభై దాటిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం ఒకరి గది చెవి ఇంకొకరికి ఇచ్చాడు. తర్వాత మాట తగ్గింది. అలగడంలో మరిదిగారికి పేరుంది కనుక ఇదీ అలకే అనుకున్నాం. మా ఆయన పాలకోవా తెచ్చి, "ఎవురి మీదబ్బా కోపం?" అని బతిమాలాడు.

"కోవా తిన్యాక కూడా దిగని అలక ఈ ఇంట్లో ఇప్పుడే చూస్తాండా" అన్నాను నేను.

మొదట చూసిన డాక్టరు, "ఇట్లాంటోళ్ళు ఇంతే గదమ్మా" అన్నాడు.

"నిన్నామొన్నటిదాకా ఇట్ల లేడు నాయనా."

వినలేదు. మరుసటి ఏడు తిరుపతిలో నరాల డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. వీళ్ళలో అదనంగా ఉండే క్రోమోజోము మీదే, మెదడులో పేరుకునే ఒక ప్రొటీన్‌కు మూలమైన జన్యువు ఉంటుందట. అందుకే అల్జీమర్స్ వీళ్ళకు చిన్న వయసులోనే వస్తుందట.

"నయమైతుందా?" అన్నాడు మా ఆయన.

"కాదు" అంది. అబద్ధం చెప్పనందుకు ఆమె అంటే నాకు గౌరవం.

"అమ్మ యాడ?" అని అడిగేవాడు మరిది. అత్తగారు పోయి చాలా ఏళ్ళు. నిజం చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేవాడు. "గుడికి పోయిండాదబ్బా" అనడం నేర్చుకున్నాం. వాకిట్లో కూర్చుని ఎదురుచూసేవాడు.

చివరి రోజుల్లో మంచం మీంచి నన్నే అడిగాడు: "ఎవురమ్మా నువ్వు? గది కావల్నా?"

"కావలప్పా."

"ఇంత పొద్దెక్కినాక వస్తే యాడుంటాయి గదులు?"

అన్నాడే గానీ, చెయ్యి చాపి గోడంతా తడిమాడు. ఆ గోడకు ఒక్క మేకు కూడా లేదు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, ఈ పూటే ఫోను తీయండి. తల దువ్వుకునేటప్పుడు, కబుర్లు చెప్పేటప్పుడు వీడియో తీసి దాచండి. మునుపు ఎలా ఉండేవాడో డాక్టరుకు చూపించాల్సి వస్తుంది. మా దగ్గర చూపడానికి ఏమీ లేకపోయింది. తీసేటప్పుడు పక్కనుంచి మాటలు అందించకండి. పాపిడి వంకర పోతే పోనివ్వండి.