రాడ్డా, డంబెల్సా? నా కుడిభుజం చెప్పిన తీర్పు

నా కుడిభుజం ఒకసారి మూడు వందల మంది ముందు, అదీ మైకులో వినపడేలా, నా పరువు తీసింది. భుజం తప్పేమీ లేదు. తప్పంతా దాని పక్కన మెడ మీద కూర్చున్న తలకాయది. ఆ తలకాయ వయసు అప్పుడు ఇరవై రెండు. దానివల్ల ఎంత అనర్థం జరిగిందో చెబుతాను, మీరు మాత్రం మరీ తొందరగా నవ్వేయకండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ఉరవకొండలో శెనక్కాయల మిల్లు వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. దాన్ని మేం జిమ్ము అనేవాళ్లం. లారీలకు వెల్డింగ్ చేసే ఖాసీమన్న దాన్ని నడిపేవాడు. బెంచీలు కూడా ఆయన అతికించినవే. ఏప్రిల్‌లో సాయంత్రం ఐదింటికి కూడా రాడ్డు పట్టుకుంటే దోసెపెనం పట్టుకున్నట్టుండేది. నేను లెక్కచేసేవాణ్ని కాదు. బెంచి మీద వెల్లకిలా పడుకుని, రెండువైపులా ప్లేట్లు తొడిగిన ఎనభై కిలోల రాడ్డును ఛాతీ మీది నుంచి పైకి నెట్టేవాణ్ని. నెట్టాక లేచి, ఎవరైనా చూశారా అని నాలుగు దిక్కులా చూసేవాణ్ని. ఎవరూ లేకపోతే, వచ్చేదాకా ఆగి మళ్లీ నెట్టేవాణ్ని.

అంతలో అనంతపురంలో జిల్లా బెంచ్ ప్రెస్ పోటీలన్నారు. "మన షెడ్డు నుంచి సీనాగాడే పోతాడు" అని ఖాసీమన్న అందరి ముందూ నా పేరు చెప్పేశాడు. ఇంకేముంది, ఆ రోజు నుంచి గుమ్మాల్లోంచి పక్కకు తిరిగి నడవడం మొదలుపెట్టాను, భుజాలు పట్టవేమోనని. మా ఇంటి గుమ్మంలో ఎద్దు కూడా సుఖంగా పడుతుంది.

మా షెడ్డుకు వచ్చే ఒకే ఒక ఆడమనిషి రాజేశ్వరి మేడమ్. బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. కాలేజీ రోజుల్లో షాట్‌పుట్ వేసిందట. ఆమె రాడ్డు జోలికి పోయేది కాదు. చేతికొకటి చొప్పున రెండు డంబెల్స్ పట్టుకుని, పెద్దగా ఊపిరి కూడా తీయకుండా, మెల్లగా పైకి నెట్టి మెల్లగా దించేది. నాకు అది పసిపిల్లలు గిలక్కాయలు ఆడించినట్టు కనిపించేది.

ఒకరోజు నోరు ఊరుకోలేదు.

"మేడమ్, ఎన్నాళ్లని ఆ చిన్నవి ఎత్తుతారు? బలం రావాలంటే రాడ్డు పట్టాల."

ఆమె డంబెల్స్ కింద పెట్టి నా వైపు చూసింది. "రాడ్డు మీద బరువు ఎక్కువ లేస్తాది. నేను కాదనడం ల్యా. కానీ నువ్వు ఎత్తేటప్పుడు వారం నుంచి చూస్తాండా. నీ కుడి చెయ్యి పని చేస్తాంటే, ఎడం చెయ్యి రాడ్డు పట్టుకోని సవారీ చేస్తాండాది. పైగా మోచేతులు రెండూ రెక్కల మాదిరి చాపుకోని, రాడ్డును గొంతు మీదికి దించుకుంటాండావు. భుజం యాడికి పోతాది పాపం?"

"నా భుజానికేం మేడమ్, ఇనుము."

"ఇనుమైతే ఖాసీమన్న వెల్డింగ్ చేస్తాడులే. అది భుజం. ఏదీ, ఆ ఇరవై ఐదు కిలోల జత తీసుకో. చేతికొకటి."

నేను లెక్కలు వేసుకున్నాను. రెండూ కలిపితే యాభై. ఎనభై ఎత్తేవాడికి యాభై ఒక బరువా? షెడ్డులో ఉన్న ఎనిమిది మందీ చుట్టూ చేరారు. నాకు హుషారు తలకెక్కింది. పడుకుని రెండూ ఒకేసారి నెట్టాను.

కుడి చెయ్యి దర్జాగా పైకి వెళ్లింది. ఎడం చెయ్యి మాత్రం సాలు తప్పిన ఎద్దులా పక్క చేలోకి బయలుదేరింది. అలా వణుకుతూ, ఊగుతూ, చివరికి దారీతెన్నూ తెలియక డంబెల్‌ను నేల మీద వదిలేసింది. అది దొర్లుకుంటూ వెళ్లి ఖాసీమన్న టీ గ్లాసును పగలగొట్టింది.

"రాడ్డయితే ఒక చెయ్యి చేసే మోసాన్ని ఇంకో చెయ్యి దాచిపెడతాది. డంబెల్ దాచదు" అంది మేడమ్.

అక్కడ తల ఊపి ఊరుకుంటే ఈ కథ లేదు. నేను ఊరుకోలేదు. "ఇంగ చూడండి" అని రాడ్డుకు ఇంకో పది కిలోలు తగిలించాను. "వద్దురా" అన్నాడు ఖాసీమన్న. పడుకున్నాను, మోచేతులు రెండూ బారుగా చాపాను, గొంతు దాకా దించాను, నెట్టాను. రాడ్డు లేచింది. దాంతోపాటు కుడిభుజం లోపల కటుక్కుమంది. చెరకుగడ విరిచినట్టు, ఆ చప్పుడు నాకొక్కడికే వినబడింది.

నవ్వుతూ లేచాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చెమటన్నాను.

ఆ తర్వాత పదిరోజులు నేను నటించినంతగా మా జిల్లాలో ఏ నాటక సమాజమూ నటించి ఉండదు. కుడి చెయ్యి ఛాతీ దాటి పైకి లేచేది కాదు. ఎడం చేత్తో తల దువ్వుకుంటే పాపిడి అవతలి పక్కకు పోయింది.

"ఏమప్పా, పాపిడి మార్చినావే?" అంది అమ్మ.

"కొత్త స్టయిలుమా."

"చొక్కా గుండీలు కూడా తప్పు పెట్టుకున్నావు. అది కూడా స్టయిలేనా?"

ఖాసీమన్నకు మాత్రం "పోటీ దాకా రెస్టు తీసుకుంటాండా, బలం దాచుకోవాల" అని చెప్పాను. ఆయన అమాయకంగా నమ్మాడు. నమ్మడమే కాదు, పోటీకి ముందురోజు నన్ను సాగనంపడానికి షెడ్డు ముందు షామియానా వేయించాడు. మైకు పెట్టించాడు. మిలటరీలో చేసి వచ్చిన సుబేదారు గారిని పిలిపించాడు. ఆయన ఆరడుగులు దాటిన మనిషి. నేను ఐదున్నరకు రెండంగుళాలు తక్కువ.

జనం కిక్కిరిసిపోయారు. డప్పులు మోగుతున్నాయి. ఖాసీమన్న నా చేతుల్లో చాంతాడంత బంతిపూల దండ పెట్టి మైకులో ప్రకటించాడు: "మన వీరుడు సీనా, పెద్దాయనకు దండ వేసి ఆశీర్వాదం తీసుకుంటాడు."

దండ రెండు చేతులా పట్టుకుని ఎత్తాను. ఎడం చెయ్యి లేచింది. కుడి చెయ్యి ఛాతీ దగ్గర ఆగి, ఇక నేను రానంది. ఒకవైపు గుంజ కూలిన పందిరిలా దండ ఏటవాలుగా వేలాడింది.

సుబేదారు గారు మర్యాదగా తల వంచారు. మైకు ఆయన గడ్డం కిందే ఉంది.

"రోంత పైకెత్తప్పా."

"ఎత్తుతాండా సార్."

"ఎత్తడం ల్యా."

"మీరు ఇంకా రోంత వంగండి సార్."

ఆయన ఇంకా వంగారు. నేను మునివేళ్ల మీద లేచి దండను ఎడం చేత్తో విసిరాను. అది ఆయన చెవికి, కళ్లద్దాలకు తగులుకుంది. విడిపించుకోబోయి ఆయన తల తెచ్చి నా కడుపుకు ఆనించారు. వెనక నిలబడ్డవాళ్లకు అసలు సంగతి కనపడదు కదా. ఎవరో గట్టిగా అన్నారు: "ఏమిరా ఇది, పెద్దాయనే సీనాకు మొక్కుతాండాడు."

మూడు వందల మంది ఒక్కసారి నవ్వితే షామియానా కదులుతుందని నాకు ఆ రోజు తెలిసింది.

రాజేశ్వరి మేడమ్ వేదిక ఎక్కింది. కళ్లద్దాలకు చిక్కుకున్న దండ విడిపించి, రెండు చేతులూ నిటారుగా ఎత్తి సుబేదారు గారి మెడలో వేసింది. తర్వాత నా కుడిభుజం మీద వేలితో మెల్లగా నొక్కింది. నేను మైకులో కేక వేశాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"పదిరోజులు మేడమ్."

ఖాసీమన్న తల పట్టుకుని కూర్చున్నాడు. సుబేదారు గారు కళ్లద్దాలు సర్దుకుంటూ, "మరి రేపు పోటీకి ఎవరు పోతారు? ఆడోళ్లకు లేదా పోటీ?" అని అడిగారు. ఉంది. మేడమ్ "రోజూ ఎత్తేది డంబెల్సే అయినా, రాడ్డు నాకేం కొత్త కాదు. పోతా" అంది. డప్పులు మళ్లీ మోగాయి. ఈసారి ఆమె కోసం.

మర్నాడు అనంతపురం బస్సులో నేనూ వెళ్లాను. మేడమ్ బ్యాగు నేనే మోశాను, ఎడం చేత్తో. రెండు చేతులూ త్రాసు పళ్లేల్లా సమానంగా లేపుతూ ఆమె రాడ్డు నెట్టింది. ఆమెకు రెండో స్థానం వచ్చింది. నేను అందరికంటే గట్టిగా అరిచాను, చప్పట్లు కొట్టే వీలు లేదు కాబట్టి.

తిరుగు బస్సులో అడిగాను: "ఇంతకీ ఏది మంచిది మేడమ్, రాడ్డా, డంబెల్సా?"

"బరువు పెంచుకోవాలంటే రాడ్డు. రెండు చేతులకూ న్యాయం జరగాలన్నా, భుజం పదికాలాలు నిలవాలన్నా డంబెల్స్. రెండూ చేసుకోవచ్చు, బుద్ధి ఉంటే" అని, నా వైపు చూసి, "నువ్వు మొదట రెండు కిలోలతో మొదలుపెట్టు" అంది.

మూడు నెలలు రెండు కిలోలవే ఎత్తాను. కొత్తగా చేరిన వాళ్లు నన్ను చూసి జాలిపడి, ధైర్యం చెప్పి వెళ్లేవాళ్లు.

అందుకే ఆ షెడ్డు రేకుల కింద, ఖాసీమన్న కొత్త టీ గ్లాసు మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం ఎవరో చూస్తున్నారని రాడ్డుకు ప్లేటు తగిలించను, నొప్పి పుట్టిన కీలును దాచిపెట్టి బలం దాచుకుంటున్నానని కోతలు కోయను. ఈ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు. తప్పుదామని రెండుసార్లు అనిపించింది గానీ, భుజం ఒప్పుకోలేదు.