కడెం నడినీళ్లలో మా అవ్వ చీర మొక్కు

హుజూరాబాద్ దాటి మా అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలుస్తాం) చూసిన పెద్ద నీళ్లు మానేరు డ్యామే. సముద్రమంటే ఆమెకు ఫోన్‌లో తమ్ముడు చూపించినంతే. వాడు గల్ఫ్‌లో ఓడలకు సామాను చేరవేసే పడవ మీద పనిచేస్తాడు. పోయిన నెల గాలివానకు మూడు రోజులు వాడి ఫోన్ కలవలేదు. కొడుకు ఒడ్డెక్కితే నడినీళ్లలో గంగమ్మకు చీర పెడతానని అవ్వ మొక్కుకుంది. వాడు ఒడ్డెక్కాడు. మొక్కు తీరేదాకా మళ్లీ పడవెక్కనని వాడితో ఒట్టు కూడా వేయించుకుంది. వాడు అక్కడ పెట్టుకున్న సెలవు అయిపోయింది, రేపు డ్యూటీ ఎక్కకపోతే కొలువు పోతుంది. అందుకే ఈ ప్రయాణం.

తెల్లవారుతుండగా కారులో బయలుదేరాం. కరీంనగర్, జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా కడెం. చాయకు ఆగుతూ పోతే నాలుగు గంటలు పట్టింది, డీజిల్‌కు మూడు వేల దాకా అయింది. ధర్మపురిలో గోదావరి కనబడగానే "ఈడనే గోదాట్ల పెడదామే అవ్వా" అన్నాను. "ఒడ్డుకు పెడితే ఎట్ల? నేను నడినీళ్లని మొక్కిన" అంది. ఇక ఆమెతో ఎవరు వాదిస్తారు? జన్నారం దాటాక రెండు వైపులా టేకు చెట్లు, వాటి మధ్య మంచు. ఇద్దరం మాటలు మానేసి చూస్తూ కూర్చున్నాం.

రేవంటే పెద్దగా ఊహించుకోకండి. పులుల అడవిలోకి చొచ్చుకుపోయిన జలాశయం పాయ అది. ఒడ్డున నీలం డ్రమ్ముల మీద తేలే చెక్కల వంతెన, పడవ రాసుకోకుండా వేలాడదీసిన పాత టైర్లు, తాళ్లు కట్టే రెండు ఇనుప గుంజలు. పక్కనే చేపలు వేయించే లచ్చక్క పొయ్యి. పడవకు మనిషికి రెండు వందలు.

పడవ నడిపే పోశన్న అవ్వకు లైఫ్ జాకెట్ తొడుగుతూ సంచిలోని చీర చూశాడు. "నీళ్లల్ల ఏమీ ఏసుడు లేదవ్వా. గీ పాలిస్టర్ చీర కుళ్లదు, తాబేళ్లకు సుట్టుకుంటది. ఇంజను పంకకు సుట్టుకుంటే మనమూ ఆడనే ఆగుడే."

అవ్వ మొహం వాడిపోయింది. "మరి నా కొడుకు?" అంది.

పోశన్న గుంజకు కట్టిన తాడు విప్పాడు. "పోదాం పా. మా బెస్తోళ్ల పద్ధతి ఒకటుంది" అన్నాడు.

పాయలోకి మలుపు తిరగగానే ఇంజను ఆపేశాడు. అక్కడ పక్షులు గూళ్లు పెడతాయి, చప్పుడు చేయకూడదు. వెదురు గడతో నెడుతూ, మునిగిన చెట్ల మోళ్ల మధ్య దారి తీశాడు. నీటికాకి కూర్చున్న మోడు కుడిచేతికి ఉండాలట. "కాకి లేచిపోతే?" అన్నాను. "మోడు పోదు గదమ్మా" అన్నాడు. నీళ్లూ మంచూ ఒక్క రంగులో ఉన్నాయి. పడవ కదులుతోందో లేదో తెలియలేదు. ఒడ్డు ఎటుందో మరిచిపోయాను, మరిచిపోయినందుకు హాయిగా కూడా అనిపించింది.

"ఆ చీర కొంగు నీళ్లల్ల ముంచవ్వా" అన్నాడు పోశన్న. "గంగమ్మ కట్టుకున్నట్టే. ఒడ్డున ఎదురైన మొదటి ఆడామెకు ఇయ్యాలె. ఆమె కట్టుకుంటెనే మొక్కు తీరినట్టు."

అవ్వ కళ్లు మూసుకుని కొంగు ముంచింది. చాలాసేపు తీయలేదు.

ఒడ్డున ఎదురైంది లచ్చక్క. ఎర్ర చీర చూసి వెనక్కి జరిగింది. "నాకొద్దవ్వా. మా ఆయన పోయిండు. ఎర్రది నేను కట్టరాదు."

"గంగమ్మ నీ నొసలు చూసి ఇయ్యమన్నదా?" అంది అవ్వ. తానే చీర మడత విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పింది. లచ్చక్క తడి కొంగు పట్టుకుని అట్లాగే నిలబడింది. తర్వాత షెడ్డులోకి పోయి కట్టుకుని వచ్చింది.

అవ్వ అక్కడి నుంచే ఫోన్ చేసింది. "ఇగ పడవెక్కు బిడ్డా."

తమ్ముడు అడిగింది ఒక్కటే. "ఏం రంగు చీరనే?"

"ఎర్రది. లచ్చక్కకు మంచిగుంది."

వచ్చేదారిలో అవ్వ నెలరోజుల నిద్ర నిద్రపోయింది. మొక్కు నీళ్లలో మునిగిపోవాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. తిరిగి ఒడ్డుకు వచ్చి ఒక మనిషి ఒంటి మీద నిలబడితే ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మొక్కుంటే నూలు చీర తీసుకుపోండి. దాన్ని కట్టుకునే మనిషి రోజంతా పొయ్యి ముందు కూర్చుంటుంది.